తవుడుకి కొన్న బిడ్డ

చెన్నమ్మ కొడుకుని అమ్మేసిన రోజున ఆమె అత్త ఈరమ్మ మొహంలో పండగ కనిపించింది. అమ్మింది వరహాలకు కాదు, తవ్వెడు తవుడుకి. మాచర్ల మిషన్ బంగళా వరండాలో, నాపరాళ్ల గచ్చు మీద, చేటలో పాత గుడ్డ పరిచి, ఇంకా కళ్లు సరిగా తెరవని పసిగుడ్డుని అందులో పడుకోబెట్టి, ఈరమ్మ ఆ చేటని దొరసాని కాళ్ల ముందుకు జరిపింది. "మాకొద్దమ్మా ఈణ్ణి. నువ్వే కొనుక్కో. తవ్వెడు తవుడు పొయ్యి, చాలు" అంది.

ఇందులో వింతేమీ లేదు. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతున్న ఇళ్లలో అందరూ చేసే పనే ఇది. యముడు ఆ ఇంటి పిల్లల రుచి మరిగాడని లెక్క. అందుకని బిడ్డను పెంట మీద పారేసినట్టు పారేస్తారు, లేదా తవుడుకి అమ్మేసినట్టు అమ్మేస్తారు. వాడొచ్చి వెతుక్కుంటే ఈ ఇంట్లో ఈ ఇంటి బిడ్డ ఉండడు. ఐదేళ్లు నిండి గండం గడిచాక మళ్లీ తవుడు కొలిచిచ్చి తమ బిడ్డను తాము కొనుక్కుంటారు. అందాకా ఒకటే నియమం. కన్నవాళ్ల నోటి నుంచి 'నా బిడ్డ' అన్న మాట రాకూడదు. ఎవరడిగినా, పలానా వాళ్ల బిడ్డ, మేం సాకుతున్నాం అనాలి. పల్నాట్లో ఉన్న పెంటయ్యలూ పుల్లయ్యలూ అందరూ ఇలా గట్టెక్కినవాళ్లే.

చెన్నమ్మకి ముందు పుట్టిన ముగ్గురూ పళ్లు రాకుండానే పోయారు. మూడోదాన్ని పక్కింటివాళ్లకి అమ్మి కూడా చూశారు. లాభం లేకపోయింది. ఊళ్లో ప్రతి గడపా యముడికి తెలిసిపోయిందని ఈరమ్మ తేల్చింది. అందుకే ఈసారి పురిటి మంచం దిగిన కోడల్ని నడిపించుకుంటూ ఊరు దాటి మాచర్ల దాకా తీసుకొచ్చింది. దొరసాని ఇంటికి యముడు రాడని ఆమె ధీమా. వచ్చినా ఆవిడ ఇంగ్లీషుకి ఏం జవాబు చెప్తాడని దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చింది. అప్పటికి సాగర్ డ్యాం పని మొదలై రెండేళ్లవుతోంది.

ఆ వరండాలో ఉన్నవాళ్లలో ఈ తతంగం అర్థం కాని మనిషి దొరసాని ఒక్కతే. ఆవిడ పేరు గ్రేస్. మొగుడు మిషన్ బడులు చూసుకుంటుంటే ఆవిడ బంగళా పక్క గదిలో మందులిచ్చేది. తెలుగు వచ్చు గానీ, నాలిక చూపించు, మందు తాగు, రేపు మళ్లీ రా అనేంత మటుకే. చేటకేసీ, అందులో బిడ్డకేసీ చూసి, ఏమిటిదని హన్నమ్మని అడిగింది. హన్నమ్మ ఊళ్లు తిరిగి ఆడవాళ్లకి బైబిలు చదివి చెప్పే మనిషి. దొరసానికి దుబాసీ కూడా ఆమే.

హన్నమ్మకి తెలియకపోవడమేం? బాప్తిస్మం కాకముందు ఆమె పేరు పెంటమ్మ. ఆమెని కూడా పుట్టిన నాడే తవుడుకి అమ్మారు. ఆ పేరు వదిలించుకోవడానికి ఆమె పడ్డ పాట్లు ఆమెకే తెలుసు. ఇది యముణ్ణి మోసం చెయ్యడమమ్మా అని దొరసానికి ఇంగ్లీషులో ఎలా చెప్పడం? చెప్తే, నీకెలా తెలుసని అడగదూ? సిగ్గు ముంచుకొచ్చి, బైబిల్లోంచి ఒక సంగతి లాగింది. హన్నా తన కొడుకు సమూయేలుని దేవుడికి అప్పగించిందే, అలాగే ఈ తల్లి బిడ్డను మీకు అప్పగిస్తోంది అని చెప్పింది. అబద్ధమాడుతున్నానని కూడా ఆమెకి అనిపించలేదు. మర్యాదైన మాటల్లో చెప్పాననుకుంది.

దొరసానికి పిల్లల్లేరు. రెండుసార్లు కడుపు నిలిచి పోయింది. ఆవిడ చేట ముందు మోకాళ్ల మీద కూలబడి, బిడ్డను రొమ్ముకి అదుముకుని ఏడ్చింది. హన్నమ్మ లోపలికి వెళ్లి, బంగళా గేదెకి పెట్టే తవుడు తవ్వెడు కొలిచి తెచ్చి ఈరమ్మ కొంగులో పోసింది. బేరం కుదిరింది. బిడ్డకి శామ్యూల్ అని పేరు పడింది.

బిడ్డ బక్కగా ఉన్నాడనీ, డబ్బాపాలు కూడా కావాలనీ, ఇక్కడే ఉంచితే తల్లి వచ్చి పాలిచ్చి పోవచ్చనీ దొరసాని చెప్పించింది. ఈరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. అమ్మిన బిడ్డ మళ్లీ మనింటి ఉయ్యాల్లోనే పడుకుంటే యముడు మాత్రం ఎన్నాళ్లు నమ్ముతాడు? ఆ రోజు నుంచీ చెన్నమ్మ బంగళాలో ఆయా అయింది. పొద్దున్నే పల్లె నుంచి నడిచొచ్చేది, పొద్దుగూకేలోపు వెళ్లిపోయేది. కన్నబిడ్డకి పాలిచ్చి, జోకొట్టి, దానికి జీతం కూడా పుచ్చుకున్న తల్లి ఆ తాలూకా మొత్తానికి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

పిల్లవాడికి పళ్లొచ్చాయి. ఆ మొదటి పన్ను వేలికి గుచ్చుకున్ననాడు చెన్నమ్మ వంటింటి వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా, కడుపు నిండా ఏడ్చింది. వాడు పాకాడు, నడిచాడు, మాటలు నేర్చాడు. దొరసానిని మమ్మీ అన్నాడు, తనని ఆయా అన్నాడు. అలా పిలిచినప్పుడల్లా ఎక్కడో కలుక్కుమనేది. పిలవనీ, అదే వాడికి మంచిదని మనసుకి సర్దిచెప్పుకునేది. ఐదేళ్లు ఎంతలోకి వస్తాయి అనుకునేది.

నోరు జారింది ఆమె కాదు, మొగుడు గురవయ్య. నాపరాళ్ల క్వారీలో పని చేసేవాడు, నలుగురిలో మాట పడని మనిషి. పిల్లవాడికి రెండో ఏడు నడుస్తుండగా మాచర్ల తిరణాలకి బంగళా పనివాళ్ల పిల్లలతో పాటు వాణ్ణీ చెన్నమ్మ తీసుకెళ్తే, అక్కడ ఎదురుపడ్డాడు. కాస్త కల్లు మీదున్నాడు. పిల్లవాణ్ణి భుజానికెత్తుకుని, క్వారీ స్నేహితుల ముందు తిప్పి, "సూడండ్రా, ఈడు నా కొడుకు" అన్నాడు. చెన్నమ్మ పరిగెత్తి నోరు మూసింది గానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది. తిరణాల పందిళ్లు ఇంకా విప్పకముందే క్వారీలో రాయి మీదపడి గురవయ్య చనిపోయాడు. క్వారీలో రాళ్లు పడటం మామూలేనని మనం అనుకోవచ్చు. చెన్నమ్మకి అలా అనుకునే వీల్లేదు. చచ్చిపోయింది తన కడుపున పుట్టినవాడైనా సరే, ఈరమ్మ కొడుకు శవం ముందు కూర్చుని ఆ మాటే అంది. మనవడి కోసం యముడు వచ్చాడు, బంగళాలో దొరక్క తండ్రిని పట్టుకుపోయాడు అని. కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇంక ఈ కొంపలో మిగిలింది వాడొక్కడే. నీ నోరు నువ్వు కుట్టుకో" అంది.

చెన్నమ్మ కుట్టుకుంది. కలలో పలవరిస్తానేమోనని నోట్లో కొంగు కుక్కుకుని పడుకునేది.

ఐదో ఏడు సగం నడిచింది. ఇంక కొద్ది నెలలే. చెన్నమ్మ మంచి తవుడు చూసి కుండలో దాచి, మూతకి గుడ్డ కట్టింది. అలాంటప్పుడు బంగళాలో పెట్టెలు సర్దడం మొదలైంది. ప్రతి ఎండాకాలం దొరసాని వాళ్లు కొడైకెనాల్ కొండకి పోయి తిరిగి రావడం మామూలే, పిల్లవాణ్ణి తీసుకెళ్లి తీసుకురావడం మామూలే. కానీ ఈసారి గోడ గడియారం కూడా గడ్డిలో చుట్టి పెట్టెలో పెట్టారు. పిల్లవాడికి కోటు తొడిగి, తల దువ్వి, గుంటూరు తీసుకెళ్లి ఫొటో తీయించుకొచ్చారు. చెన్నమ్మ హన్నమ్మని పెరట్లోకి లాక్కుపోయి అడిగింది.

దొరగారికి ఇక్కడ పని అయిపోయింది, అమెరికాకి వెళ్లిపోతున్నారు, శామ్యూల్‌ని తీసుకుపోయి అక్కడ దత్తత రాయించుకుంటారు, అంతకుముందు ఇక్కడి జడ్జిగారు వాళ్లని గార్డియన్లుగా ఒప్పుకోవాలి, గుంటూరు కోర్టులో అర్జీ పడింది అని హన్నమ్మ మెల్లగా ఒక్కొక్కటే చెప్పింది. చెన్నమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక హన్నమ్మ కొంగు పట్టుకుంది.

"మా అత్త అమ్మిందెందుకో నీకు తెలవదా అక్కా? ఆమెకి చెప్పలేదా నువ్వు?"

హన్నమ్మ తల దించుకుంది. ఆ రోజు వరండాలో తనేం చెప్పిందో, ఎందుకు చెప్పిందో అప్పుడు బయటపెట్టింది. దొరసాని ఆ సమూయేలు కథని వాళ్ల దేశంలో చర్చీలన్నిటికీ రాసిందట. అక్కడి ఆడవాళ్లు ఈ తల్లి కోసం ప్రార్థనలు చేస్తున్నారట. ఇప్పుడు పోయి, అదంతా ఉత్తదమ్మా, తవుడు బేరమమ్మా అంటే, హన్నమ్మకి ఈ ఇంట్లో నిలవనీడ ఉండదు. కోర్టులో జడ్జిగారు నిన్నే అడుగుతారు, నీ నోటితోనే చెప్పుకో అని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. చెన్నమ్మకి ఆమెని కొట్టాలన్నంత కోపం వచ్చింది. చేతులు విడిపించుకుని పెరటి దారిన వెళ్లిపోయింది.

చెన్నమ్మ మొదట తెలివైన దారి ఒకటి చూసింది. నియమం ప్రకారం గడువు ఇంకా తీరలేదు. అయినా మాట మాట్లాడకుండా తవుడు ఇచ్చి కొనేసుకుంటే, సగం తప్పే అవుతుంది గదా అనుకుంది. కుండలో తవుడు చేటలో పోసి తీసుకెళ్లి దొరసాని ముందు పెట్టి, "పిల్లోణ్ణి నాకియ్యమ్మా" అంది. దొరసాని తవుడు చూసి ముచ్చటపడింది. గేదెకి తెచ్చిందనుకుంది. లోపలికెళ్లి పిల్లవాణ్ణి తీసుకొచ్చి నవ్వుతూ ఆమె చంకకి అందించింది, ఆడించుకోమని. పైగా ఒక కేకు ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. పొద్దు వాలాక దొరసాని వచ్చి, ఎప్పటిలాగే పిల్లవాణ్ణి తీసుకుంది. ఇంకేమనాలి? ఏ మాట అనబోయినా అది 'నా బిడ్డ' దగ్గరికే వచ్చి ఆగుతోంది. చెన్నమ్మ ఇంటికి పోతూ ఆ కేకు ముక్క కుక్కకి వేసింది.

ఈరమ్మ అయితే ఒకటే మాట. వాయిదాలు పడతాయి, కోర్టులంటే ఏళ్లు పడుతుంది, ఈలోపు గడువు తీరుతుంది, నువ్వు మాత్రం నోరు తెరవకు. తీరకపోతేనో అత్తా అంటే, "ఏదో ఒక సోట బతికుంటాడు గదే. నా కొడుకు యాడన్నా ఉన్నాడా?" అంది.

వాయిదాలు పడలేదు. రోజు దగ్గరపడ్డాక దొర తరఫు ప్లీడరు జానకిరామయ్య బంగళాకి వచ్చి, సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పడానికి చెన్నమ్మని కూర్చోబెట్టాడు. పెద్దమనిషే. ముక్కుపొడుం పీలుస్తూ, జడ్జిగారు అడిగినట్టే గంభీరంగా అడిగాడు. ఈ పిల్లవాడు ఎవరి బిడ్డ?

"దొరసానిగారి బిడ్డండి" అంది చెన్నమ్మ.

ఆయన పొడుం డబ్బీ మూసేశాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు. దొరసాని బిడ్డయితే మనకి అర్జీ దేనికమ్మా, కోర్టు దేనికి, నేను దేనికి అని నెత్తి కొట్టుకున్నాడు. నా బిడ్డేనండి, నా ఇష్టపూర్తిగా ఇస్తున్నానండి అని రెండే ముక్కలు, చిలక్కి నేర్పినట్టు నేర్పాడు. చెన్నమ్మ పెదాలు కదల్లేదు. మొద్దు మనిషి అని విసుక్కుని, జడ్జిగారి ఎదుట కూర్చుంటే అదే వస్తుందిలే అనుకుంటూ రైలుకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం చెన్నమ్మ ఇంటికి నడుస్తూ తను ఇరుక్కున్నది ఎలాంటి ఇరుకో మొదటిసారి పూర్తిగా చూసింది. వాణ్ణి ఇచ్చెయ్యాలంటే ముందు నా బిడ్డ అనాలి. ఇవ్వను అనాలన్నా ముందు నా బిడ్డ అనాలి. ఏ తలుపు తీద్దామన్నా ఆ మాటే గడియ. అనకుండా ఊరుకుంటే ఎవరో పరాయిది అని పక్కకి నెట్టి, ఆ జడ్జిగారు తనకి తోచింది చేసేస్తారు. గుండెల్లో మంట రేగింది. యముడి మీద, అత్త మీద, హన్నమ్మ మీద, తాగి వాగిన మొగుడి మీద, అందరి మీదా. కన్నదాన్ని నేను, నా బిడ్డని నా బిడ్డ అనడానికి ఎవడికి భయపడాలి అనుకుంది. అనేస్తాను. గడువు ఇంకెంతని? అని, వాణ్ణి చంకనేసుకుని ఇంటికొచ్చేస్తాను. ఈ కొద్ది నెలలూ కళ్లు మూయకుండా కాచుకుంటాను. ఇంటికొచ్చేసరికి ఆ నిర్ణయం గట్టిపడింది. అత్తకి చెప్పలేదు.

గుంటూరు కోర్టులో జడ్జిగారు వాళ్లని హాల్లో కాకుండా తన గదిలోకే పిలిపించారు. నెమ్మదైన మనిషి, తలపాగా తీసి బల్ల మీద పెట్టుకుని ఉన్నారు. దొర, దొరసాని ఒకవైపు కూర్చున్నారు. పిల్లవాడు దొరసాని మోకాలికి ఆనుకుని నిలబడ్డాడు, అల్లరి చెయ్యకుండా జానకిరామయ్య ఇచ్చిన పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని. హన్నమ్మ గోడ వారన ఉంది. చెన్నమ్మకి కుర్చీ వేశారు గానీ కూర్చోలేదు.

జడ్జిగారు కాగితాలు పక్కకి జరిపి, ఆమెకేసి చూసి, అదే ప్రశ్న అడిగారు. అమ్మా, ఈ పిల్లవాడు ఎవరు?

జానకిరామయ్య ఊపిరి బిగబట్టాడు, దొరసానిగారి బిడ్డ అంటుందేమోనని. చెన్నమ్మ పిల్లవాడికేసి చూసింది.

"నా కొడుకండి" అంది. ఇన్నేళ్లుగా ఆగిన మాట కాబట్టి కాస్త గట్టిగానే వచ్చింది. "నేను కన్న నా కొడుకు."

పిల్లవాడు ఆశ్చర్యంగా ఆయా వైపు తిరిగాడు. ఏదో అడగబోయి నోరు తెరిచాడు. పిప్పరమెంటు గొంతుకి అడ్డం పడింది. దగ్గు కూడా రాలేదు. కళ్లు పెద్దవయ్యాయి, మొహం ఎర్రబడి, నీలం తిరిగింది, చేతులు గాల్లో ఆడాయి. చెన్నమ్మ చూస్తూనే ఉంది, కాలు కదల్లేదు. వచ్చేశాడు, అనుకుంది. మాట ఇంకా గదిలో ఉండగానే వచ్చేశాడు. దొరసాని ఒక్క ఉదుటున పిల్లవాణ్ణి ఒళ్లో బోర్లా వేసుకుని, తల కిందికి వంచి, వీపు మీద అరచేత్తో చరిచింది. ఒకసారి, మళ్లీ, మళ్లీ. తెల్లటి బిళ్ల నేల మీద పడి దొర్లింది. పిల్లవాడు గుక్కపట్టి ఏడిచాడు. గదిలో అందరూ ఊపిరి తీసుకున్నారు. జడ్జిగారు బంట్రోతుని మంచినీళ్లు తెమ్మన్నారు, పిల్లలకి పిప్పరమెంట్లు పెట్టవద్దని జానకిరామయ్యని మందలించారు. వాళ్లకి అది ఒక పిప్పరమెంటు బిళ్ల, అంతే.

పిల్లవాడు నెమ్మదించాక జడ్జిగారు మళ్లీ ఆమె వైపు తిరిగారు. ఈసారి ఆయన గొంతు ఇంకా మెత్తగా ఉంది. నీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పమ్మా అన్నారు. దొరలని మొహమాటపడకు, ఎవరూ నిన్నేమీ అనరు. బిడ్డ నీవాడని నువ్వు చెప్పావు, ఇవ్వనంటే ఈ క్షణమే ఎత్తుకుని ఇంటికి పోవచ్చు. నేను సంతకం పెట్టను.

అంత బార్లా తెరిచిన తలుపు చెన్నమ్మ జన్మలో చూడలేదు. రెండడుగులు వేస్తే వాడు తన చంకలో ఉంటాడు. ఆ పూటే బండెక్కవచ్చు. కానీ ఎక్కడికి? ఏ ఇంటికి? నా కొడుకు అని నలుగురు పెద్దమనుషుల ముందు చాటింపు వేసేసింది. వాడి చిరునామా తనే చెప్పేసింది. ఇంక ఆ గుడిసెలో ఎన్ని రాత్రులు కాచుకుంటుంది? రాయి పడితే ఆపగలదా, పురుగు ముడితే ఆపగలదా, ఇప్పుడు కళ్లముందే ఊపిరాడకపోతే ఏం చెయ్యగలిగింది? బతికించింది ఆవిడ. యముడికి సముద్రం దాటే దారి తెలుసునని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"ఇస్తన్నానండి" అంది చెన్నమ్మ. "తీసుకెళ్లిపొమ్మని చెప్పండయ్యా. బిరాన పొమ్మనండి. రేపనొద్దు, మాపనొద్దు."

గోడ వారనుంచి హన్నమ్మ ముందుకొచ్చింది. ఆమె మొహం పాలిపోయి ఉంది. అయ్యా, ఒక్క మాట నేను చెప్పుకోవాలి, తప్పు నాది, అని మొదలుపెట్టింది. చెన్నమ్మ వెనక్కి తిరక్కుండానే ఆమెని ఆపేసింది. "నువ్వూరుకో అక్కా. నిజం చెప్తే వాడు నాకు దక్కుతాడు. దక్కితే బతకడు."

జడ్జిగారికి ఇది అర్థం కాలేదు. బీదరికం మాట్లాడుతోందనుకున్నారు. అలాంటి తల్లులు ఆయన గదిలోకి అంతకుముందూ వచ్చి ఉంటారు. పెన్ను తీసి సంతకం పెట్టారు. దొరసాని లేచి వచ్చి, చెన్నమ్మని కౌగిలించుకుని, వచ్చీరాని తెలుగులో, నువ్వు చాలా గొప్ప తల్లి అంది. చెన్నమ్మ కొయ్యలా నిలబడి ఆ కౌగిలి పట్టించుకోకుండా, పిల్లవాడి నుదురు వేడిగా ఉందేమో చూడమని హన్నమ్మ చేత చెప్పించింది. తను ముట్టుకోలేదు.

ఆ తర్వాత ప్రయాణం దాకా ఉన్న రోజులు ఆమె ఎలా గడిపిందో చెప్తే ఎవరికీ మంచి అనిపించదు. బంగళాకి వెళ్లేది గానీ పిల్లవాడి దగ్గరికి పోయేది కాదు. గుమ్మం బయట కూర్చుని కాపలా కాసేది. వాడు తుమ్మితే ఉలిక్కిపడేది. మామిడికాయ కొరికితే పరిగెత్తుకొచ్చి లాక్కునేది. పిలిచి పిలిచి రాకపోతే వాడు అలిగి, ఆయా చెడ్డది అని దొరసానికి చెప్పాడు. బొంబాయిలో ఓడ ఎప్పుడు బయల్దేరుతుందని ఆమె రోజూ హన్నమ్మని అడిగేది. కొడుకు ఎప్పుడెళ్లిపోతాడా అని ఎదురుచూస్తున్న తల్లిని చూసి వంటవాడు మౌలాలీ ఛీ అనుకున్నాడు. అంతా అనుకున్నారు.

ఈరమ్మ ఏడవలేదు, తిట్టలేదు. పోనియ్ అంది. అని, కుండ తీసుకుని నీళ్లకి పోయింది.

మాచర్ల స్టేషన్లో రైలు పొద్దున్నే బయల్దేరుతుంది. అక్కడే పుట్టే బండి కాబట్టి ముందుగానే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. దొర పెట్టెలు ఎక్కిస్తున్నాడు. బడిపిల్లలు దండలు వేసి పాట పాడారు. మిరపకాయల బస్తాల మధ్య ఎక్కడో నిలబడదామనుకున్న చెన్నమ్మని దొరసానే వెతికి పట్టుకుని, చెయ్యి పట్టి లాక్కొచ్చి కిటికీ ముందు నిలబెట్టింది. పిల్లవాడు కోటు తొడుక్కుని లోపల బల్ల మీద మోకాళ్లేసి కూర్చున్నాడు. అలక మరిచిపోయాడు. రెండు చేతులతో ఊచలు పట్టుకుని, మొహం బయటికి ఆనించి, ఏదో రహస్యం అడిగేవాడిలా గొంతు తగ్గించాడు.

"ఆయా, నువ్వు మా అమ్మవా?"

చెన్నమ్మ చుట్టూ చూసింది.

"ఆ గదిలో అన్నావుగా. నా కొడుకు అన్నావుగా."

ప్లాట్‌ఫారం నిండా మనుషులున్నారు. ఇంజను ఆవిరి కక్కుతోంది. సముద్రం ఇంకా చాలా దూరం. వీడు బొంబాయి చేరాలి, ఓడెక్కాలి, ఆ ఓడ ఒడ్డు వదలాలి. అందాకా వినేవాడు ఎక్కడైనా ఉంటాడు. ఒక్క అవును కోసం ఆమె ప్రాణం నాలుక చివరికి వచ్చి నిలబడింది. చెయ్యి పైకెత్తి, ఊచల మీద ఉన్న వాడి వేళ్ల దాకా తీసుకెళ్లి, ముట్టుకోకుండానే దించేసింది.

"కాదు నాయనా" అంది, చుట్టుపక్కల అందరికీ వినపడేటట్టు. "నేను నీకేం గాను. ఆయాని."

"మరెందుకన్నావు?"

"ఆ పెద్దాయన అడిగితే ఉత్తినే అన్నా."

"ఉత్తినేనా?"

"ఉత్తినే."

వాడికి నమ్మకం కుదిరింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి గుర్తొచ్చి మొహం విప్పారింది. ఓడకి కూడా ఇంజను ఉంటుందా అని అడిగాడు. ఉంటుందని చెప్పింది చెన్నమ్మ.